ఇంకో సాలు

మోహన్ నాగలి మీద కోళ్లు కాపురం పెట్టాయి. రెండు రెక్కలున్న ఇనుప నాగలి. కొన్ననాడు ఆ రెక్కల్లో ముఖం చూసుకోవచ్చు. ఇప్పుడు తుప్పు. తుప్పు మీద కోడిరెట్ట. రెట్ట మీద ఎవడో ఉమ్మిన గుట్కా మరక.

"మట్టిలోకి దిగితే అదే కడుక్కుంటాది లే బావా," అన్నాడు మోహన్.

మోహన్ నా బామ్మర్ది. చనిపోయిన నా భార్య పంకజాక్షికి తమ్ముడు. ట్రాక్టరు ఎక్కినా దిగినా ఫోను వదలడు. వేరే దారి ఉంటే వాడి గడప తొక్కేవాణ్ని కాదు. కానీ ఊళ్లో ట్రాక్టర్లన్నిటి వెనకా రొటవేటర్లే. అవి పైమట్టిని పిండి చేసి, కింద నేలను బండ చేస్తాయి. నా చేను అట్లాగే బండబారింది. వాన కురిస్తే నీళ్లు ఇంకకుండా వాగులోకి పోతున్నాయి. చెరకు నాటాలంటే ఒకసారి లోతుగా తిరగదున్నాలి. దానికి రెక్క నాగలి కావాలి. అది ఊరి మొత్తానికి వీడి ఇంట్లోనే ఉంది, కోళ్ల కింద. తుఫాను వాన వెలిసి నేల పదునుకొచ్చింది. ఆరిపోతే గడ్డపార కూడా దిగదు. అందుకని వెళ్లాను.

ఒక మాట మాత్రం ముందే చెప్పాను.

"తూరుపు గట్టు వారన అనపచెట్లుండాయి. గట్టు నుంచి ఒక బార ఎడం ఇడిసిపెట్టాల. ఆడికి నాగలి రాగూడదు."

"తెలుసు లే బావా. మా అక్క ఇత్తనమే గదా."

"తెలిసే గదా మీ ఆడోళ్లు వండి పెట్టినారు."

వాడు తల దించుకుని కోళ్లను తోలాడు.

ఆ విత్తనం పంకజాక్షి పుట్టింటి నుంచి తెచ్చుకుంది. చిక్కుడు జాతి, కాయ చిన్నది. మంచు పడే రోజుల్లో కోస్తే సొన చేతులకు అంటుకుంటుంది. సబ్బుతో రుద్దినా ఆ వాసన పోదు. సంతకు వచ్చే లావు కాయలు గడ్డి నమిలినట్టుంటాయి, ఈ వాసన వాటికి లేదు. ఆమె ఏటా గింజలకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, బూడిదలో కలిపి కుండలో దాచేది. మళ్లీ వాన పడేదాకా ఆ కుండ జోలికి ఎవరినీ పోనిచ్చేది కాదు.

ఉగాది వెళ్లాక ఆమె పోయింది. పెద్దదినం నాడు వంటకు చేరిన ఆడవాళ్లు ఇల్లంతా వెతికి ఆ కుండ దించారు. మట్టి కడిగి, నానబెట్టి, వంకాయలేసి కూర చేశారు. దగ్గరుండి చేయించింది మోహన్ భార్య హేమశ్రీ. వచ్చినవాళ్లు వేళ్లు నాకుతూ తిన్నారు. "ఏం వాసనబ్బా" అని మళ్లీ వేయించుకున్నారు. చచ్చిపోయిన మనిషి దాచుకున్న విత్తనాన్ని ఆ మనిషి దినానికే తిన్నారు. విస్తరి ముందు కూర్చున్నాక ఆ వాసన నా ముక్కుకు తగిలింది. లేచిపోయి కుండ చూశాను. అడుగున బూడిదలో పిడికెడు మిగిలాయి.

ఆ పిడికెడు తూరుపు గట్టు వారన పెట్టాను. అన్నీ మొలవలేదు. మొలిచినవి పాకి, పూసి, ఇప్పుడు కాయ పట్టాయి. గింజ పితికి పప్పు చేసుకునేవాళ్లకు ఇదే అదును. నేను ఒక్క కాయ తెంపలేదు. విత్తనం కావాలంటే కాయ చెట్టు మీదే ఎండాలి. ఈ చెట్లు ఎండేదాకా నిలబడితే ఆ విత్తనం ఉంటుంది. లేదంటే ఇంకెక్కడా లేదు. వాళ్ల పుట్టింట్లో అది ఎప్పుడో పోయింది.

నాగలిని నేనే ఇటుకముక్కతో తోమాను. రెట్ట గోళ్లలోకి ఎక్కింది. కర్రు ముక్కులు అరిగి మొద్దుబారి ఉన్నాయి. నట్లు వదులు చేసి ముందుకు జరిపి బిగించాను. మోహన్ మెట్ల మీద కూర్చుని ఫోన్లో ఎవడో చేపలు కాల్చడం చూస్తున్నాడు. మధ్యలో ఒకసారి, "ఇరుముకు తుప్పు పట్టకుండా ఉంటాదా బావా?" అన్నాడు. నీకు పట్టినంత దేనికీ పట్టదు అనబోయి ఊరుకున్నాను. పని కావాలి.

చేను నడిమి నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ గట్ల దాకా రావాలని చెప్పాను. మోహన్ నాగలి దించి గేరు వేశాడు.

నేను చాలా అసహ్యమైన సేద్యం చూశాను. తాగి దున్నినవాళ్లను చూశాను. ఇట్లాంటిది చూడలేదు. ముందు కర్రు ముక్కు దూర్చి మోకాటిలోతు పోతోంది. ట్రాక్టరు మూలుగుతోంది. వెనక కర్రు గాలిలో తేలుతూ గడ్డిని గోకుతోంది. లేచిన మట్టి తిరగబడకుండా నిట్టనిలువుగా నిలబడుతోంది. దానిమీద గరిక నవ్వుతూ ఉంది. నాగలి గీసిన చాలు చూస్తే పాము గాయపడి పాకినట్టు ఉంది.

దారి మీద పాలక్యాను సైకిలుకు తగిలించుకుని మునెయ్య పోతున్నాడు. ఆయన చేను నా చేనికి పక్కదే. కాలు ఆన్చి నిలబడి చూశాడు.

"ఏం గురప్పన్నా, అడివి పందుల్ని బాడిక్కి తోలుకొచ్చినావా?"

"పందులైతే వరసగా తవ్వుతాయి మునెయ్యా. ఇది మా బామ్మర్ది."

ఆయన నవ్వుకుంటూ పోయాడు.

"రేయ్, ఆపరా!" అని అరిచి ట్రాక్టరు ముందుకు పోయి నిలబడ్డాను. "ముందు కర్రు బావి తవ్వుతాంది. యెనక కర్రు గెడ్డం గీస్తాంది. యాడన్నా సూసినావా ఇట్లాంటి సేద్యం?"

"లోతుగా పోవాలంటివి గదా బావా. అందుకే ముక్కు బాగా వంచినా."

"ముక్కు వంచితే లోతు కాదురా, తిక్క."

ట్రాక్టరుకూ నాగలికీ నడుమ పైన ఒక మరకడ్డీ ఉంటుంది. టాప్ లింకు అంటారు. దాన్ని కురచ చేస్తే నాగలి ముక్కు కిందికి, తోక పైకి. వీడు తిప్పగలిగినంత తిప్పి బిగించేశాడు. పక్కనుంచి చూస్తే నాగలి సాష్టాంగం పడుతున్నట్టు ఉంది. నేను స్పానరు తీసుకుని కడ్డీని కొంచెం కొంచెంగా వదిలాను. నాగలి నడుము నేలకు సమంగా వచ్చిందని పక్కన పడుకుని చూసి లేచాను.

"ఇంకో సాలు!" అని స్పానరు ఎత్తి ఊపాను.

మోహన్ ఇంకో చాలు తోలాడు. రెండు కర్రులూ నేలలోకి దిగాయి. కానీ ఇప్పుడు ట్రాక్టరు కుడి చక్రం ముందటి చాలులోకి పడింది. బండి మొత్తం కుడికి ఒరిగింది. బండితో పాటు నాగలీ ఒరిగింది. చాలు అడుగు మెట్లమెట్లుగా తయారైంది. బండి ఒరిగినా నాగలి ఒరగకూడదు. కుడి పక్కన నాగలిని ఎత్తే చేతికి ఒక పిడి ఉంటుంది. దాన్ని తిప్పితే ఆ పక్క పైకి లేస్తుంది.

"ఈ పిడి ఎందుకురా ఇచ్చినారు?"

"క్యారియరు తగిలించుకోను అనుకుంటి బావా."

నిజంగానే దానికి ప్లాస్టిక్కు తాడు ముక్క కట్టి ఉంది. విప్పి పారేశాను. పిడి తుప్పుపట్టి తిరగలేదు. కాలిన ఆయిలు పోసి, రాయితో కొట్టి తిప్పాను. వెనక కూర్చుని, నేలకూ నాగలి దూలానికీ సందు రెండు పక్కలా ఒకటే అయ్యేదాకా తిప్పాను.

"ఇంకో సాలు!"

ఈసారి అడుగు చదును అయింది గానీ నాగలి పక్కకు గుంజుతోంది. కింద గొలుసులు చూస్తే ఒకటి బిగుతు, ఒకటి వదులు. సమం చేశాను.

"ఇంకో సాలు!"

పొద్దంతా ఇదే అరుపు. నేను స్పానరు ఎత్తడం, వాడు చెయ్యి ఎత్తి గేరు వేయడం.

మా వైపు నాగలి గీసిన చాలునూ సాలు అంటారు. ఇక ఆపు అనడానికీ సాలు అనే అంటారు. పంకజాక్షి ఉన్నప్పుడు ఇది మా ఇద్దరికీ ఒక ఆట. ఎద్దులతో దున్నే కాలం. సంగటి గంప నెత్తిన పెట్టుకుని గట్టు మీద నిలబడి, "ఇంక సాలు, రాయ్యా," అని కేకేసేది. నేను "ఇంకో సాలా? సరే," అని ఎద్దులను మళ్లించేవాణ్ని. "నీ చెవుల్లో కర్రు దిగ," అని తిట్టేది. సంగటి చల్లారిపోయేదాకా అక్కడే నిలబడేది తప్ప కూర్చునేది కాదు. ఎద్దులు పోయాక నేను చెరకు ఫ్యాక్టరీలో ట్రాక్టరు డ్రైవరుగా చేరాను. రైతుల పొలాలు దున్నడమే పని. ఫ్యాక్టరీ మూతపడేదాకా రెక్క నాగలి తప్ప వేరేది ముట్టలేదు. అదంతా మోహన్‌కు తెలుసు. తెలిసి కూడా నాగలి ఎట్లా సరిచేయాలో ఒక్కసారి వచ్చి అడగలేదు.

మధ్యాహ్నానికి నాగలి దారికొచ్చింది. మట్టి పొర తెగకుండా లేచి, రెక్క మీద మెలి తిరిగి, బోర్లా పడుతోంది. తోమిన రెక్కలు రాపిడికి వెండిలా మెరిశాయి. తిరగబడిన మట్టిలో ఒక్క గరికపోచ పైకి కనబడలేదు. చెట్టూ చేమా ఏదున్నా అడుగుకు పోతోంది. చాళ్లు ఒకదాని పక్కన ఒకటి పలక మీద గీతల్లా వరస కట్టాయి. కొంగలు దిగి వెనకాల నడుస్తున్నాయి.

"ఇంత తీరుగా వస్తాదని నాకు తెలీదు బావా," అన్నాడు మోహన్.

"నీకు తెలిసిందేముండాది? ఆ ఫోను జేబులో పెట్టు. కుడి చక్రం సాల్లో నుంచి బయటికి రాగూడదు. కన్ను దానిమీదనే ఉండాల. ఇంగ దేన్నీ సూడొద్దు."

"సరే బావా."

వాడు మొదటిసారి ఒక మాట విన్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

కూటివేళకు హేమశ్రీ సంగటీ ఊరుబిండి పచ్చడీ పంపించింది. మోహన్ రెండు ముద్దలు విడదీసి ఒకటి నా వైపు జరిపాడు.

"తిను బావా. నీకని నెయ్యి వేసి పంపింది."

"ఆ సేతి కూడు నాకొద్దు."

"ఎన్నాళ్లు బావా అదే మాట? దానికి తెలిసి చేసిందా? కుండలో పప్పుంటే వండుకునేదే అనుకునింది."

"మట్టి పట్టించి, బూడిదలో పెట్టింది వండుకునేదా? సేద్యం ఇంట్లో పుట్టలేదా మీ ఆడిది?"

"టౌన్లో పుట్టింది బావా."

"అయితే టౌన్లోనే వండుకోమను."

వాడు రెండు ముద్దలూ తినేశాడు. నా గిన్నెలో రాత్రి మిగిలిన అన్నం ఉంది. నీళ్లు పోసుకుని ఉప్పుతో తిన్నాను. పులిసిపోయి ఉంది. అయినా తిన్నాను.

పొద్దు వాలేసరికి మూడు గట్ల దాకా పని అయిపోయింది. తూరుపు పక్కన ఒక పట్టె మిగిలింది. దాన్ని ఒకే పక్కగా దున్నమన్నాను. నాగలి ఎత్తుకుని ఉత్తరం కొసకు పోవడం, దించుకుని దక్షిణానికి దున్నుకుంటూ రావడం. నేను పడమటి గట్టు మీద, బోరు దగ్గర నిలబడి చూస్తున్నాను. పట్టె సన్నబడుతూ వచ్చింది. ఒక్కో చాలూ అనపచెట్ల వైపు జరుగుతోంది. చివరికి గట్టుకూ చాలుకూ నడుమ ఒక బార మిగిలింది. చెట్లు మిగిలిన నేలలో తీగలల్లుకుని నిలబడి ఉన్నాయి. నేను చెప్పిన కొలత అదే.

మోహన్ దక్షిణం కొసలో నాగలి ఎత్తి బండి తిప్పుతున్నాడు.

"ఇంక సాలు!" అని అరిచాను. పొద్దుటి నుంచి చేతిలోనే ఉన్న స్పానరు ఎత్తి ఊపాను.

వాడు చెయ్యి ఎత్తాడు. విన్నాడనుకున్నాను. బోరు వైపు తిరిగి, నీళ్లు వదిలి, గోళ్లలో రెట్ట కడుక్కుంటూ కూర్చున్నాను.

ఊరికే నడిచే ట్రాక్టరు చప్పుడు వేరు. నాగలి దిగిన ట్రాక్టరు చప్పుడు వేరు. ఆ తేడా నిద్రలో ఉన్నా నాకు తెలుస్తుంది. ఇంజను గొంతు బరువెక్కడం వినబడింది. తల తిప్పి చూశాను.

మోహన్ ఉత్తరం కొస నుంచి మళ్లీ దిగాడు. కుడి చక్రం చాలులో ఉంది. ఎడమ చక్రం గట్టు అంచున నడుస్తోంది. రెండు చక్రాల నడుమ నుంచి అనపచెట్లు బండి కిందికి పోతున్నాయి.

పరిగెత్తాను. దున్నిన నేలలో కాళ్లు దిగబడ్డాయి.

"సాలు! సాలు! సాలు రా!"

వాడు నా గొంతు విన్నాడు. మెడ తిప్పలేదు. చక్రం చాలు దాటుతోందేమోనని దానిమీదే వంగి చూస్తూ, సరే అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంకా జాగ్రత్తగా తోలాడు. నేను పట్టెను చేరేలోగా కొస ముట్టించి నాగలి ఎత్తాడు.

ఇంజను ఆపి కిందికి దూకాడు. ముఖమంతా నవ్వు.

"సూడు బావా, దీనికి వంక పెట్టు."

పెట్టలేను. చేను మొత్తంలో అంత తీరైన చాలు లేదు. కొస నుంచి కొసకు ఒక్క వంకర లేదు. మట్టి నున్నగా తిరగబడి బోర్లా పడుకుంది. ఒక్క ఆకు, ఒక్క తీగ కొస కూడా పైకి లేదు. అక్కడ చెట్లు ఉండేవని ఎవరూ చెప్పలేరు. వాసన ఒక్కటి వచ్చింది. నలిగిన అనపకాయ వాసన, తడిమట్టి సందుల్లోంచి చేను మొత్తం కమ్ముకుంది.

అప్పుడు మోహన్‌కు తెలిసింది. నవ్వు పోయింది.

"బావా... నువ్వే గదా ఇంకో సాలు అంటివి."

"ఇంక సాలు అన్న్యా."

"నాకు ఇంకో సాలు అనే ఇనిపించింది. పొద్దన్నుంచీ అదే గదా అంటాండావు. స్పానరు గూడా ఎత్తితివి."

"ముందే సెప్పినా గదరా, ఆడికి నాగలి రాగూడదని!"

"సెప్తివి. మల్లా నువ్వే ఇంకో సాలంటే, మనసు మార్చుకున్న్యావేమో అనుకుంటి. నీ మాటకు ఎదురు సెప్తే కొట్టేట్టుంటివి పొద్దన్నుంచీ."

వాణ్ని కొట్టాలనిపించింది. మోకాళ్ల మీద కూర్చుని మట్టిని తోడాను. వాడూ వచ్చి పక్కన కూర్చుని తోడాడు. జానెడు లోతున తీగలు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. వేళ్లు తెగిపోయాయి. కాయ వొలిచి గింజ నొక్కితే పాలు కారాయి. ఇంకో కాయ వొలిచాను. అదీ అంతే. ముదిరిన కాయ ఒక్కటి ఉన్నా చాలనుకుని పొడుగునా తోడుకుంటూ పోయాను. ఒక్కటీ లేదు.

పొద్దున నాగలి ఎట్లా వచ్చిందో అట్లాగే వదిలేసి ఉంటే వెనక కర్రు గోకిపోయేది. సగం చెట్లు వంగి మళ్లీ లేచేవి. తోమింది నేను. సమం చేసింది నేను. వాడి కన్ను చక్రం మీద కట్టేసింది నేను. ఇన్నేళ్లలో అంత బాగా ఏ నాగలినీ కుదర్చలేదు.

మోహన్ తువ్వాలు పరిచి కాయలు ఏరుతున్నాడు. ఒకటి చిదిమి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మా యమ్మ సేతులు ఇట్లనే వాసనొచ్చేవి బావా," అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. మట్టి చేతులతో తుడుచుకుంటే ముఖం మురికి అయింది. "వీటినే ఎండబెడితే మొలవవా?"

"పాలు గట్టిపడలే. యాడ మొలుస్తాయి."

తువ్వాలు కొసలు దగ్గరికి లాగాడు. తర్వాత వాడు అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"అయితే పారేయడమెందుకు బావా? హేమ పితికిపప్పు చేస్తాది. రాత్రికి నువ్వూ రా."

చెడ్డమనసుతో అనలేదు. అదే నాకు ఇంకా రోత పుట్టించింది. చెడ్డమనసు ఉంటే తిట్టవచ్చు.

"తీసకపో," అన్నాను. "మీకు అలవాటే గదా."

వాడు తువ్వాలు మూట కట్టలేదు. కొసలు విడిచి అట్లాగే నేల మీద వదిలేశాడు.

మునెయ్య పాలు పోసి, ఖాళీ క్యాను మోగించుకుంటూ తిరిగి వస్తున్నాడు. సైకిలు దారిలో పడేసి చేన్లోకి దిగాడు. వంగి చాలులో చెయ్యి పెట్టి లోతు చూశాడు. తల ఊపాడు.

"గురప్పన్నా, పొద్దన్న పందులంటి, మనసులో పెట్టుకోవద్దు. ఇది సేద్యమంటే. అన్నీ ఒక ఎత్తు, ఈ గట్టు పక్క సాలు ఒక ఎత్తు. దారం పట్టి గీసినట్టుండాదే!" మోహన్ వైపు తిరిగాడు. "ఏమప్పా మోహనా, పదును ఆరకముందే నా చేను గూడా దున్నుతావా? మీ బావ దగ్గరుండి నాగలి సరిజేస్తే సాలు."

మోహన్ నా వైపు చూశాడు. మునెయ్యా చూశాడు. నేను స్పానరును బోరు తొట్టిలోకి విసిరేశాను. చేతులు తుడుచుకున్నాను. రెట్ట పోయింది. అనప వాసన పోలేదు.

"సాలు," అన్నాను.

ఈసారి ఇంజను ఆగి ఉంది. ఇద్దరికీ సరిగ్గానే వినబడింది.